బుగ్గ గోడకి తగిలితే

కృపకు ప్రశ్నల జబ్బు ఉంది. బడిలో టీచర్లు, చర్చిలో పాస్టరు, మద్నూర్ మొబైల్ షాపులో ఓనరు, తలా ఒక చికిత్స చేసి చూశారు గానీ తగ్గలేదు. షాపులో ఆమె పని ఫోన్ల మీద స్క్రీన్ గార్డులు అంటించడం. గార్డు కింద గాలి చిక్కుకుంటే కార్డు ముక్కతో నెట్టి బయటికి పంపాలి, అంతే. ఆమె మాత్రం ఆ గాలి మధ్యలో ఉన్నప్పుడు గుండ్రంగానూ అంచుకు రాగానే పొడుగ్గానూ ఎందుకవుతుందని చూస్తూ కూర్చునేది. కౌంటర్ ముందు, సరిహద్దు దాటి మహారాష్ట్ర నుంచి వచ్చిన లారీ డ్రైవర్లు మరాఠీలో గొణుక్కుంటూ నిలబడేవారు. అలాంటి మనిషికి నీళ్ళల్లో బుడగలు చూసే ఉద్యోగం దొరికిందంటే దేవుడికి కూడా కాస్త హాస్యం తెలుసనుకోవాలి.

ఆ ఉద్యోగం బాన్సువాడలో, ఎరువుల దుకాణం పైన ఉన్న ఒక పొడవాటి గదిలో. నడిపేది గోపీచంద్. ఆయనది క్యాంపు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి భూములు చేసుకుంటూ స్థిరపడ్డ వాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. గదిలో కంప్యూటర్ల ముందు కూర్చునే వాళ్ళలో సగం మంది క్యాంపు పిల్లలు, సగం మంది బాన్సువాడ వాళ్ళు, చుట్టుపక్కల పల్లెల, తండాల వాళ్ళు. ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఫోటోల మీద గీతలు గీసి రంగులు వెయ్యడం వాళ్ళ పని. ఇది కారు, ఇది కుక్క అని మనిషి గీసి చూపిస్తే, దాన్ని చూసి కంప్యూటరు నేర్చుకుంటుంది. మొదట కార్లు వచ్చాయి, తర్వాత టమాటాలు వచ్చాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి నీళ్ళు వస్తున్నాయి.

హైదరాబాదులోని ఒక పరిశోధనశాల పంపే ఫోటోలవి. నిలువుగా ఒక గాజు గొట్టం, దానికి చుట్టూ వేడి, కింది నుంచి పైకి పోయే నీళ్ళు. నీళ్ళు మరిగి చిన్న చిన్న ఆవిరి బుడగలు పుడతాయి. పైకి పోతూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చివరికి గొట్టమంత లావున, తల గుండ్రంగా, తోక తెగ్గోసినట్టుండే పెద్ద ఆవిరి ముద్దలవుతాయి. ఆఫీసులో వాటికి సొరకాయలని పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ క్యాంపు వాళ్ళకూ ఊరి వాళ్ళకూ ఆ పేరు దగ్గర పేచీ లేదు.

ఇదంతా ఎందుకంటే, అణు విద్యుత్తు కేంద్రాల కోసం. అక్కడ ఇంధన కడ్డీలు భగభగమంటుంటే నీళ్ళు వాటిని చల్లబరుస్తూ ఉంటాయి. ఎప్పుడైనా ఒక పైపు పగిలి నీళ్ళు తగ్గాయనుకోండి, మిగిలిన నీళ్ళు మరిగి ఆవిరవుతాయి. నీళ్ళూ ఆవిరీ కలిసి ఎలా పరుగెడతాయి, లోహం ఎక్కడ తడి ఆరి కాలిపోతుంది, ఎంత సేపట్లో, అన్నది ముందే లెక్క కట్టి ఉంచాలి. ఆ లెక్క కట్టే ఇంజనీరు మంజులత. ఆమెను కృప వీడియోకాల్‌లో ఒకటి రెండుసార్లు చూసింది. మిగతా వాళ్ళు తలలూపి ఊరుకుంటే కృప మాత్రం ప్రశ్నలు వేసి గోపీచంద్ చేత కళ్ళెర్ర చేయించుకుంది.

పని నేర్పింది సూపర్‌వైజరు యశస్వి. ఆమెదీ క్యాంపే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిస్తే ఆమె గోంగూర కృప పళ్ళెంలోకీ, కృప జొన్నరొట్టె ఆమె పళ్ళెంలోకీ వెళ్ళేంత స్నేహం వాళ్ళది. మొదటి రోజు యశస్వి ఇంగ్లీషు కాగితం చూసి అందరికీ తెలుగులో చెప్పింది. "బుడగ చుట్టూ గీత గియ్యండి. గీత పూర్తవ్వగానే దానంతటదే నీలం రంగు పడుతుంది. బుగ్గ గోడకి తగిలితే మాత్రం ఎరుపు చెయ్యండి. అంతే, ఇంకేం లేదు." అందరూ సరేనన్నారు. ప్రశ్నల జబ్బున్న కృప కూడా ఆ రోజు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మాట అంత తేటగా ఉంది మరి.

నెలలు గడిచాక ఒక సోమవారం గోపీచంద్ గదిలోకి వచ్చి ఫ్యాన్లు కట్టేయించాడు. ఆయన ఫ్యాన్లు ఆపించాడంటే వినవలసిన సంగతేదో ఉందని అర్థం.

"మేడమ్ ఫోన్ చేశారు. ఒకే ఫోటోలు అందరికీ పంపారట, మనకి తెలీకుండా, పరీక్షకి. సగం మంది నీలం ఉంచి గొట్టం గోడ తడిగా ఉందన్నారు, సగం మంది ఎరుపు వేసి పొడిగా ఉందన్నారు. ఒకటే నీళ్ళు, ఒకటే గొట్టం, రెండు జవాబులు. శుక్రవారం ఆవిడే వచ్చి తేలుస్తారు. తప్పు చేసిన వాళ్ళు ఆ తర్వాత రానక్కర్లేదు." అని, ఎవరెవరు ఏ జట్టో పేర్లు చదివాడు.

సగం పేర్లు పూర్తయ్యేసరికే గదిలో అందరికీ సంగతి తెలిసిపోయింది. ఒక జట్టంతా క్యాంపు, ఇంకో జట్టంతా ఊరు. అటుది ఇటు కలిసిన పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. గోపీచంద్ కూడా చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. చివర్లో మాత్రం, "శుక్రవారం దాకా ఎవరూ ఒకరి స్క్రీన్ ఇంకొకరు చూడ్డానికి లేదు. పని గురించి మాట్లాడుకోడానికి లేదు. కాపీ కొడితే నాకు తెలుస్తుంది" అన్నాడు, పదో తరగతి పరీక్ష పెడుతున్నట్టు.

కృప లెక్క వేసుకుంది. ఈ పని పోతే మళ్ళీ మద్నూర్ షాపే, మళ్ళీ స్క్రీన్ గార్డులే. అదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేది. కానీ చూస్తూ కూర్చోవడమే పనిగా ఉన్న పని, ఎందుకు అని అడిగితే దానికి జవాబంటూ ఉన్న పని, ఆమెకు బతుకులో ఇదొక్కటే దొరికింది. దీన్ని పోగొట్టుకోవడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు.

భయపడినప్పుడు మనుషులు ఏడుస్తారు, దేవుణ్ణి తలుచుకుంటారు. కృపకు మాత్రం సందేహాలు వస్తాయి. ఒకే ఫోటో ఇద్దరికి రెండు రకాలుగా ఎలా కనబడుతుంది? కిటికీ వెలుతురు స్క్రీన్ల మీద పడుతోందేమో అనుకుంది. కానీ కిటికీ పక్కన ఇద్దరు క్యాంపు వాళ్ళూ ఇద్దరు ఊరి వాళ్ళూ కూర్చుంటారు. స్క్రీన్లు వేరేమో అనుకుంది. అన్నీ గోపీచంద్ ఒకేసారి పాతవి కొన్నవి. అన్నం తినే వేళల్లో తేడా ఉందా, కళ్ళద్దాలున్నాయా, ఎడమచేతి వాటమా అని కూడా ఆలోచించింది. క్యాంపు వాళ్ళ కళ్ళల్లోనే ఏదో ఉందేమో అని కూడా ఒకసారి తోచి, తన బుర్రకు తనే నవ్వుకుంది.

ఇంటి దగ్గర పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే గిన్నె మీదికి వంగి చూస్తూ నిలబడింది. నాట్లు వేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న తల్లి సమ్మవ్వ అది చూసి అడిగింది. "ఏందే, ఆఫీసుల సూసుడు సాలలేదా?"

"గిన్నె గోడకు నీళ్ళు అంటుకునే ఉంటున్నయా లేదా అని సూస్తున్నవ్వా."

"బియ్యం పొయ్యి ముందు. బుగ్గలు గట్లనే వస్తయ్, ఏడికి పోవు." సమ్మవ్వ చేట అందించింది. "ఫికర్ వెట్టుకోకు బిడ్డా. నువ్వు తప్పు గీసేదానివి గాదు."

కృప బియ్యం పోసింది. తప్పు గీయలేదన్న నమ్మకం ఆమెకూ ఉంది. అవతల యశస్వి కూడా తప్పు గీసే మనిషి కాదే అన్నదే ఆమెకు కొరుకుడు పడడం లేదు.

ఆ వారమంతా ఆఫీసులో ఎవరూ నోరు విప్పలేదు. గోంగూర క్యాంపు బల్ల దగ్గరే ఆగిపోయింది, రొట్టె ఇటువైపే ఉండిపోయింది. తండా నుంచి వచ్చే ఫూల్‌సింగ్ ఒక్కడే ఒకసారి నీళ్ళ కూజా దగ్గర కృప చెవిలో అన్నాడు. "ఓనరు క్యాంపాయన. తీసేసుడు ఎవర్నో నీకు తెల్వదా?" కృపకు ఆ మాట నచ్చలేదు. కూజా మీద మూత పెట్టి తన కుర్చీకి వెళ్ళిపోయింది.

గురువారం గోపీచంద్‌కు ఒక ఆలోచన వచ్చింది. హైదరాబాదు మేడమ్ వస్తోంది కదా, ఆఫీసు కళకళలాడాలి. బజారు నుంచి రంగు కాగితాలు, బెలూన్ల ప్యాకెట్టు తెప్పించి, ఊది కట్టమని ఫూల్‌సింగ్‌కు అప్పగించాడు. ఉద్యోగం పోతుందేమోనన్న దిగులుతో ఉన్నవాడు బెలూన్లు ఎంత బాగా ఊదుతాడో మీరే ఊహించుకోండి. అన్నీ సగం సగమే ఊది ముడి వేస్తున్నాడు.

కృప చూడలేక కేక వేసింది. "ఫూల్‌సింగ్, బుగ్గలు మంచిగ ఊదు. గట్ల ఊదితె సూసినోళ్ళు నవ్వుతరు."

ఆ మాటకు నవ్వింది యశస్వి. సోమవారం నుంచి మూసుకున్న నోరు ఆపుకోలేక విచ్చుకుంది. "బుగ్గలు ఇంకా ఊదడమేంటి కృపా? ఆల్రెడీ ఊదుకునే ఉన్నాయి కదా అబ్బాయివి."

ఫూల్‌సింగ్ నోట్లో బెలూనుతో, రెండు చెంపలూ పూరీల్లా ఉబ్బించుకుని అటూ ఇటూ చూశాడు.

"ఊదుకునే ఉంటె నేనెందుకంట అక్కా? సగం గూడ ఊదలే."

"నేను బుగ్గల గురించి అంటున్నా." యశస్వి తన చెంప తట్టుకుంది. "ఇవి."

"గవి చెంపలు. సిన్మా పాటలల్ల బుగ్గలంటరు గని. గీ కట్టేటియి బుగ్గలు."

"అవి బెలూన్లు. బుడగలు."

"గవ్వే బుగ్గలు. నీళ్ళల్లయి గూడ బుగ్గలే." అని కృప అలాగే నిలబడిపోయింది. చెయ్యి గాల్లోనే ఉంది. కాసేపటికి నెమ్మదిగా అడిగింది. "అక్కా, మొదటి దినం నువ్వేం జెప్పినవ్? బుగ్గ గోడకి తగిలితే ఎరుపు అన్నవు గదా."

"అవును."

"గా బుగ్గ ఎవరిది?"

"ఎవరిదేంటి, బుడగదే. బుడగకి పక్కన ఉబ్బుగా ఉంటుందే, ఆ బుగ్గ. అది గోడకి ఆనితే ఎరుపు చెయ్యమన్నా."

"మేము బుగ్గ అంటె బుడగనే అనుకున్నం అక్కా. చిన్నగ, గుండ్రంగ ఉంటదే, అది. గది తగిలితె ఎరుపు చేసినం. సొరకాయకు గా మాట లేదనుకున్నం. సొరకాయలన్ని నీలమే ఉంచినం."

యశస్వి కుర్చీలో కూలబడింది. "మేం సొరకాయలన్నీ ఎరుపు చేశాం. వాటి బుగ్గలు రెండు పక్కలా గోడకి ఆనే కదా ఉంటాయి."

ఫూల్‌సింగ్ చేతిలోంచి బెలూను జారి, ముడి వెయ్యని మూతితో గది అంతా తిరిగి గోపీచంద్ బల్ల మీద పడింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. కృపకు ముందు ఒళ్ళంతా తేలికయింది. కళ్ళు కావు, స్క్రీన్లు కావు, క్యాంపూ ఊరూ కాదు, ఒక్క మాట. అంతలోనే యశస్వి ముఖం చూసి ఆమె సంతోషం సగం అయిపోయింది.

"చెప్పింది నేను. ఇది నా మీదికే వస్తుంది" అంది యశస్వి.

"నువ్వు మీ భాషల జెప్పినవ్, మేము మా భాషల విన్నం. ఇందుల తప్పేముంది?" అంది కృప. కానీ శుక్రవారం తప్పును ఎవరో ఒకరి నెత్తిన పెట్టక గోపీచంద్ ఊరుకోడని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు మేడమ్ కారులో వస్తుందని గోపీచంద్ పూలదండ పట్టుకుని కింద రోడ్డు మీద నిలబడ్డాడు. మంజులత ఆర్టీసీ బస్సు దిగి, నడుచుకుంటూ ఆయన పక్కనుంచే మెట్లెక్కి వచ్చేసింది. యాభై దాటిన మనిషి, భుజాన సంచీ, నెరిసిన జుట్టు. యశస్వి ఆమెకు కుర్చీ వేసి, ఎవరూ అడగకముందే జరిగిందంతా తన నోటితోనే చెప్పేసింది. మధ్యలో తడబడితే కృప అందుకుంది.

మంజులత కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకునే దాకా నవ్వింది. "గొట్టంలో ఏదో కొత్త వింత ఉందనుకున్నానమ్మా. అదే వేడి, అవే నీళ్ళు, ఒకసారి తడి, ఒకసారి పొడి. నిద్ర లేకుండా ఆలోచించాను. ఒక వ్యాసం కూడా మొదలుపెట్టాను. తీరా చూస్తే బుగ్గ మీద వ్యాసం." అప్పుడే దండతో పైకొచ్చిన గోపీచంద్ ఏం జరిగిందో తెలియకుండానే ఆమెతో కలిసి నవ్వాడు.

నవ్వు అయ్యాక ఆమె సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి, ఒక ఫోటో తెరిచి సొరకాయ పక్క భాగాన్ని పెద్దది చేసింది. పెద్దది చేసిన కొద్దీ ఆవిరికీ గాజుకూ మధ్య వెంట్రుకంత మెరుపు గీత ఒకటి బయటపడింది. "ఇదుగో, ఇది నీటి పొర. ఇది ఉన్నంత సేపు గోడ తడిగా ఉన్నట్టే, నీలం. ఇది చిరిగితే గోడ ఆరిపోయినట్టే, ఎరుపు. సొరకాయ ఎంత లావుగా ఉన్నా సరే, సంగతంతా ఈ పొరలోనే ఉంది. చాలా వాటిలో పొర ఉండే అవకాశమే ఎక్కువ. అందుకని నీలం వేసిన వాళ్ళ పని ఉంచుకుని, రెండోది తీసేద్దామనుకుంటున్నాను."

గదిలో ఇటువైపు వాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. అటువైపు యశస్వి తల వంచుకుంది. గోపీచంద్ దండను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఒక్కటి మాత్రం తెలియాలి." మంజులత కృప వైపు తిరిగింది. "నీలం వేసినప్పుడు ఈ పొర చూసే వేశావా?"

అవునంటే చాలు. అవునని ఒక్క మాటంటే తను ఉంటుంది, ఫూల్‌సింగ్ ఉంటాడు, ఊరి వాళ్ళంతా ఉంటారు. చూడలేదని ఎవరు నిరూపిస్తారు? ఫూల్‌సింగ్ ఆమె వైపే రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. కృప మళ్ళీ ఫోటో వైపు తిరిగింది. స్క్రీన్ మీద ఆ వెంట్రుకంత గీత మెరుస్తూనే ఉంది. ఇన్ని నెలలు, రోజుకు ఎన్నో సొరకాయల చుట్టూ గీతలు గీస్తూ, ప్రశ్నల జబ్బున్న తను, దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది.

"లేదు మేడమ్, సూడలే. నీలం దానంతటదే పడ్డది. మేము ముట్టలే, అంతే."

మంజులత ఆ ఫోటోను మళ్ళీ మామూలు సైజుకు తెచ్చింది. తర్వాత చిన్నగా చెప్పింది. "తడిగా ఉన్న గోడను పొడి అంటే నేను ఊరికే భయపడతాను. మహా అయితే నాలుగు పైపులు ఎక్కువ వేయిస్తాను. పొడిగా ఉన్న గోడను తడి అంటే నాకు భయమే వెయ్యదు. ఆ లెక్కను నమ్మి అక్కడ మనుషులు డ్యూటీ ఎక్కుతారు." అని ల్యాప్‌టాప్ మూసింది. "పాత ఎరుపులూ వద్దు, పాత నీలాలూ వద్దు. మొదటి ఫోటో నుంచి మళ్ళీ చెయ్యండి."

గోపీచంద్ నీళ్ళు నమిలాడు. "మరి, మేడమ్, ఎవర్ని తీసెయ్యమంటారు?"

"తియ్యాలంటే ముందు నన్ను తియ్యాలి. తగిలితే అని నేనే రాశాను. పొర గురించి ఒక్క ముక్క రాయలేదు. అందరూ ఉండనివ్వండి. ఇంకో రంగు కలిపి పంపిస్తాను, బూడిద రంగు. చూసినా తెలియకపోతే అది వెయ్యండి."

ఆమె సంచీ సర్దుకుంటుంటే ఫూల్‌సింగ్ కృప పక్కకు చేరి గొణిగాడు. "బతికిపోతుంటిమి గదనే. గంత పని మళ్ళ జెయ్యాలె ఇగ. అవును అంటె నీ సొమ్మేం పోయేది?" అప్పటికే మంజులత మెట్లు దిగుతోంది. కృప ఆమె వెనకే మెట్ల మీదికి పరుగెత్తింది.

"మేడమ్, ఒక్క మాట." మంజులత కింది మెట్టు మీద ఆగింది. "గా సొరకాయలల్ల పొర ఉన్నదా లేదా, అసలు జవాబు మీ తాన ఉంటది గదా. మేము చేసినంక దాంతోని కలిపి సూసుకుంటరా?"

కృప అడిగింది మామూలు ప్రశ్నే. పరీక్ష పేపరుకు ఎక్కడో ఒక కీ ఉంటుంది, హైదరాబాదులో, ఇలాంటి వాళ్ళ బీరువాలో. తమ గీతలు తప్పా ఒప్పా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. ఇన్నాళ్ళూ అందరూ అలాగే అనుకున్నారు.

మంజులత ఆశ్చర్యంగా చూసింది. "నా దగ్గరెక్కడిదమ్మా? నాకు తెలిస్తే మీకెందుకు పంపుతాను? మీరు చూసి ఏది చెబితే నా లెక్కకు అదే నిజం." అని వాచీ చూసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

కృప అక్కడే గోడ పట్టుకుని నిలబడింది. చెరుకు ట్రాక్టర్లు, ఆటోలు, బైకులు ముందు నుంచి పోతున్నాయి. ఉద్యోగం నిలబడినందుకు సంతోషించాలని ఆమెకు తెలుసు. కానీ ఆమెకు భయం వేసింది. సోమవారం వేసిన భయం కాదిది. తన గీతల్ని దిద్దేవాళ్ళు ఎవరూ లేరన్న భయం. ఎక్కడో తను ఎన్నడూ చూడని చోట ఒక మనిషి డ్యూటీ ఎక్కుతాడు. అతనికి బాన్సువాడ అన్న పేరు కూడా తెలియదు.

ఆమె పైకి వచ్చి తన కుర్చీలో కూర్చుని మొదటి ఫోటో తెరిచింది. సొరకాయ చుట్టూ గీత గీసింది. పక్క భాగాన్ని పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. మెరుపు గీత పై నుంచి దిగుతూ వచ్చి సగంలో సన్నబడింది. ఆ కింద ఉందో లేదో తెలియడం లేదు. యశస్వి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. గోపీచంద్ దూరం నుంచి చూశాడు గానీ ఈసారి ఎవరి స్క్రీను ఎవరు చూస్తున్నారని అడగలేదు.

"ఏ రంగు?" అడిగింది యశస్వి.

"ఆగక్కా" అంది కృప. "సూడనియ్యి."